క్రేను కింద పురుడు

మా పెరటి గోడ అవతల క్రేను లేచిన రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు మినప వడియాలు పెట్టాను. మేడ మీద పాత చీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, వరసగా పెట్టుకుంటూ వస్తున్నాను. సగం చీర అయ్యేసరికి పిండి మీద ఒక నీడ పడింది. గద్దేమో అనుకుని చెయ్యి విదిలించాను. నీడ పోలేదు. తల ఎత్తి చూస్తే పసుప్పచ్చ ఇనప చెయ్యి ఒకటి మా మేడ మీంచి ఎదురింటి కొబ్బరి చెట్టు దాకా చాచుకుని ఉంది. చేతిలో పిండి గిన్నెతో అలాగే నిలబడిపోయాను. ఆ పూట పెట్టిన వడియాలు మొదటి సగం ఒకలాగా, రెండో సగం ఒకలాగా వచ్చాయి. వేయిస్తున్నప్పుడు కూడా తెలిసిపోయేది, ఏవి క్రేను చూడకముందువో, ఏవి చూశాకవో.

గోడ అవతల ఖాళీ జాగాలో పది అంతస్తుల ఫ్లాట్లు కడతారని ముందే విన్నాం. నెల్లిమర్లలో పది అంతస్తులేమిటని నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు క్రేను వచ్చేదాకానే. తరవాత మా వీధిలో ఎవరు మాట్లాడుతున్నా ఒక కన్ను పైనే ఉండేది.

పని నడుస్తున్నంతసేపు నాకంత భయం లేదు. లోపల మనిషి ఉన్నాడు కదా అనిపించేది. భయమంతా పని ఆగాక. సాయంత్రం ఆ చెయ్యి రామతీర్థం కొండ వైపు ఉండేది. పొద్దున్న వాకిట్లో కళ్ళాపి చల్లడానికి లేచేసరికి చంపావతి ఏటి వైపు తిరిగి ఉండేది. ఒకరోజు మా ఆయనతో అన్నాను.

"ఇదిగో, నిన్న కొండేపు ఉన్నాది. ఇప్పుడు ఏటేపు తిరిగిపోనాది. లోపల మనిషి లేడు. ఎవులు తిప్పినట్టు?"

"గాలే."

"అంతలేసి ఇనుం గాలికి తిరిగితే, అది నిలుస్తాదేటి?"

ఆయన పలుపు తెంపుకున్న గేదెని చూసినట్టు దాన్ని చూశాడు.

ఆ చూపు సంగతి చెప్పాలంటే ఆయన సంగతి కొంచెం చెప్పాలి. మా ఆయన జూట్ మిల్లులో పని చేసి మానిన మనిషి. మానినా గోగునార మాత్రం ఆయన చేతిని వదల్లేదు. అరుగు మీద కూర్చుంటే తాడు పేనకుండా ఉండలేడు. మా ఇంట్లో గేటుకి తాడు, నీళ్ళ డ్రమ్ము మూతకి తాడు, నిచ్చెనకి తాడు, చీపురుకి కూడా తాడే. అన్నిటికీ ఆయన వేసిన ముళ్ళే. వాటిని ఆయన విప్పాలి గానీ ఇంకెవరి గోళ్ళకీ అవి లొంగవు. ఒకసారి నేను చుట్టాలింటికి వెళ్ళే తొందరలో గేటు ముడి విప్పలేక, చీర ఎగ్గట్టుకుని గోడ దూకాను.

పైగా మా వైపు తుఫాను కబురు వచ్చిందంటే ఎవరైనా ముందు వెతుక్కునేది తాడే. నా చిన్నప్పుడు మా కన్నవారింట్లో తాటాకు కప్పు మీద పాత చేపల వల పరిచి, దాని అంచులకి రుబ్బురాయంత రాళ్ళు వేలాడదీసేవారు. గడ్డిమేటుకి అడ్డంగా, నిలువుగా మోకులు వేసేవారు. అరటి చెట్లని ఒకదానికొకటి కట్టేవారు. మా నాన్నయితే కోళ్ళగూడుని కూడా గుంజకి కట్టి, దానికి ఇంకో గుంజ పాతేవాడు. గాలికి మా వాళ్ళకి తెలిసిన మందు అదొక్కటే. కట్టెయ్యడం.

ఇలా ఉండగా మా అమ్మాయి ఏడో నెలలో తొలికాన్పుకి మా ఇంటికి వచ్చింది. తీసుకొచ్చింది మా వియ్యపురాలు. వాళ్ళది గరివిడి. మనిషి మంచిదే, మాట మాత్రం గట్టిది. సీమంతం రోజు గాజులు తొడిగించుకుంటూ, కిటికీలోంచి పైకి చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏటొదినా, నా కోడల్ని ఈ ఇనుం కింద పడుకోబెడతావా?"

నేను ఊరుకోలేదు. "మీ గరివిడి ఫ్యాక్టరీలో ఏటి, అరిసెలు వండుతారేటి? అక్కడా ఇనుమే కదా."

"మా ఇనుం కింద కూకుంటాది. నీది నెత్తి మీద తిరుగుతాది."

పేరంటాళ్ళంతా నవ్వారు. ఆవిడా నవ్వింది. వెళ్ళేటప్పుడు మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి నెమ్మదిగా అంది. "నవ్వులాట కాదొదినా. దాన్నుంచి ఏ ఒక్కటి జారిందని విన్నా ఆ రోజే బండి తెస్తాను. పచ్చి బాలింత అయినా సరే, తీసుకుపోతాను. నన్ను తప్పుగా అనుకోకు."

తప్పుగా అనుకోలేదు. ఆవిడ జాగాలో నేనున్నా అదే అందును. కానీ ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. దానికి ఒక కారణం ఉంది. నా తొలికాన్పు నాటికి మా అమ్మ లేదు. పురుడంతా అత్తవారింట్లోనే జరిగింది. వాళ్ళు నన్ను బాగానే చూశారు, వంక పెట్టను. అయినా పథ్యం కూడు ముందు పెట్టినప్పుడు ఇంకొక్క ముద్ద నెయ్యి అడగాలంటే నోరు రాలేదు. నడుం నొప్పిగా ఉంది, కాసేపు పడుకుంటానని అనలేకపోయాను. ఇరవై ఒకటో రోజు బారసాల దాకా రోజులు లెక్కపెట్టుకున్నాను. నా కూతురు అలా లెక్కపెట్టకూడదని అప్పుడే అనుకున్నాను. ఆ ఇరవై ఒక్క రోజులూ అది నా ఇంట్లో కాళ్ళు చాపుకుని, నా మీద విసుక్కుంటూ ఉండాలి. నేను కోరుకున్నది అదొక్కటే. ఇప్పుడు అది ఈ క్రేను చేతిలో ఉంది.

మర్నాడు పనిచోటు గేటు దగ్గరికి వెళ్ళాను. క్రేను తిప్పే మనిషి కావాలంటే కాపలా అతను పైకి చూపించాడు. పొద్దున్న ఎక్కితే మళ్ళీ సాయంత్రమే దిగుతాడట, అన్నం కూడా పైనేనట. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. క్రేను స్తంభం లోపలి మెట్ల మీంచి ఒక మనిషి దిగుతూ కనిపించాడు. దారిలో నాలుగు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. కింద కాలు పెట్టాక చూస్తే సన్నటి మనిషి, నలభై దాటి ఉంటాయి. తలకి తువ్వాలు, చేతిలో స్టీలు కేరియరు. సోంపేట వైపు మనిషి, అక్కని అప్పా అంటారు అక్కడ. ఊళ్ళు ఊళ్ళు తిరిగి కట్టడాల్లో పనిచేసి, క్రేను నేర్చుకున్నాడట. అంత పెద్ద చేతిని తిప్పేది ఇంత చిన్న మనిషా అనుకున్నాను.

"నాయనా, ఆ కొక్కెం మా ఇంటి మీంచి తేవద్దు. మా పిల్ల నిండు మనిషి."

"ఏ ఇల్లప్పా? వడియాల మేడేటి?"

నేను నివ్వెరపోయాను. పైనుంచి మా ఇల్లు అతనికి అలా గుర్తు. "అదే" అన్నాను.

"మీ ఇంటి మీంచి బరువు ఎప్పుడూ తేలేదప్పా. మనుషులున్న సోటు మీంచి తేకూడదని మాకు రూలు. రూలు లేకపోయినా తేను. కాళీ సెయ్యి ఎల్తాది. మబ్బు ఎల్లిందనుకోండి."

"మరి నువ్వు దిగిపోనాక అదెలా తిరుగుతాది? బ్రేకు పాడైనాదేటి?"

"నానే ఒగ్గేసి దిగుతాను."

"ఒగ్గేసి దిగుతావా? కట్టవా?"

అతను నవ్వాడు. "కడితే పడిపోతాదప్పా."

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కట్టినది పడిపోవడం, వదిలినది నిలబడడం నేనెక్కడా చూడలేదు. ఇంటికి వచ్చి మా ఆయనతో బరువులు మన మీంచి తేడట అని చెప్పాను. రెండో మాట చెప్పలేదు. పిచ్చి మాటను ఇంటిదాకా మొయ్యడమెందుకులే అనుకున్నాను. అది నేను చేసిన తప్పు.

మాట ఇచ్చాడు కదా, నిలబెట్టుకుంటాడో లేదో చూద్దామని మర్నాటి నుంచి మేడ మీద కాపు కాశాను. ఇనప చువ్వల కట్ట రోడ్డు పక్క లారీ మీంచి లేస్తుంది. అది దిగాల్సిన చోటు మా గోడ పక్కనే. మా ఇంటి మీంచి వస్తే నాలుగడుగులు. అతను మాత్రం చేతిని అటు పొలాల మీంచి, ఏటి వైపు నుంచి, కొండ వైపు నుంచి చుట్టూ తిప్పి తెచ్చేవాడు. ప్రతిసారీ అంతే. ఎండ మండిపోతున్నా అంతే, కింద మేస్త్రీ తొందర పెడుతూ చేతులు ఊపినా అంతే. అంత బరువూ కింద ఆనేముందు ఒక్క క్షణం గాల్లో ఆగేది. అప్పుడు దాని ఊగుడు తగ్గేది. అప్పుడు దించేవాడు. దుమ్ము కూడా లేచేది కాదు. నిండు కుండ దించడంలో మా అమ్మ చెయ్యి అలా ఉండేదని నాకు గుర్తు.

మెల్లగా మా అమ్మాయి కూడా నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఇద్దరం చిక్కుళ్ళు వొలుచుకుంటూ చూసేవాళ్ళం.

"అమ్మా, ఆయనకి ఆకలేస్తే?"

"కేరియరుంది కదే."

"మరి ఒంటేలుకి?"

"ఒసే, అది మనకెందుకే. చిక్కుళ్ళు వొలు."

ఇంకో సంగతి. పైనున్న మనిషికి వాన ముందు కనిపిస్తుంది. కొండ అవతల వాన దిగగానే అతను హారను రెండుసార్లు కొట్టేవాడు. మొదటిసారి మాకు అర్థం కాలేదు, వడియాలు తడిసిపోయాయి. రెండోసారి మాకు అర్థమైంది. ఆ తరవాత హారను వినిపిస్తే చాలు, మా వీధి మేడలన్నిటి మీదా ఆడవాళ్ళు. ఒకరు వడియాలు, ఒకరు ఒరుగులు, ఒకరు మిరపకాయలు. ఆ ఏడు మా వీధిలో ఎవరింటా ఏదీ బూజు పట్టలేదు. టీవీలో వాన చెప్పేవాళ్ళ మాట ఎన్నిసార్లో తప్పింది గానీ, అతని మాట ఒక్కసారీ తప్పలేదు. నా భయం పోయిందని అనను. మొయ్యగలిగినంత అయింది.

దసరా వెళ్ళాక విజయనగరం ఆస్పత్రిలో మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆటోలో ఇంటికి తెచ్చాం. ఆ వేళకి క్రేను సిమెంటు తొట్టి మోస్తూ ఉంది. మా ఆటో ఆగి, గుమ్మంలో దిష్టి తీసి, తల్లినీ పిల్లనీ లోపలికి తీసుకువెళ్ళేదాకా ఆ తొట్టి పొలాల మీద గాల్లో అలాగే ఆగి ఉంది. ఇది నేను ఊహించుకున్న మాట కాదు. కింద మేస్త్రీ కేకలు మా గుమ్మం దాకా వినిపించాయి. మేం లోపలికి వెళ్ళాకే తొట్టి కదిలింది.

పిల్లకి పదమూడో రోజున తుఫాను కబురు వచ్చింది. ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ పోయారు. పొద్దున్నే వియ్యపురాలు ఫోను.

"బండి దొరికితే ఇప్పుడే వద్దును. ఎవుడూ రానంటన్నాడు. గాలి తగ్గగానే వస్తాను, సంచి సర్ది ఉంచొదినా. నెత్తి మీద అది పెట్టుకుని నీకు కునుకెలా పడతాది?"

సంచి సర్దాను. పొత్తిగుడ్డలు మడత పెడుతుంటే మా అమ్మాయి మంచం మీంచి చూస్తూ ఉంది. "నానెల్లనమ్మా" అంది. అంతే, గోడ వైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, పనివాళ్ళు రేకులు దించి కట్టలు కడుతున్నారు. క్రేను కొక్కెం ఆఖరి బరువు దించి, ఖాళీ గొలుసుతో మా గోడ పక్కనే తల ఎత్తు దాకా వేలాడుతూ ఉంది. వెనక వీధిలో ఉండే మా తమ్ముడు వచ్చాడు. మా ఆయనా వాడూ పెరట్లోకి వెళ్ళారు. కాసేపటికి వాడి గొంతు వినిపించింది.

"బావా, ఇంకో సుట్టు ఎయ్యి. దానెబ్బ, ఏనుగైనా కదల్దు."

వెళ్ళి చూశాను. మా ఆయన తన చేత్తో పేనిన మూడు పేటల గోగునార తాడు. ఒక కొస గోడ మీంచి ఆ గొలుసుకి ముడి. రెండో కొస మా కొబ్బరి చెట్టు మొదలుకి ఏడు చుట్లు. క్రేనుని గేదెని కట్టినట్టు కట్టేశారు. అబద్ధం ఎందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఇది తిరగదు, వియ్యపురాలికి ఫోను చేసి చెప్పొచ్చు అనుకున్నాను. ఇద్దరికీ టీ కూడా పెట్టి ఇచ్చాను.

టీ గ్లాసులు కడుగుతుండగా వాన మొదలైంది. అందరూ కిందికి దిగుతుంటే, రేకులు కట్టడంలో చెయ్యి వెయ్యడానికని ఆ రోజు ముందే దిగిన ఆ సోంపేట మనిషి ఒక్కడూ మళ్ళీ పైకి ఎక్కుతున్నాడు. కొక్కెం పైకి తీసి, బ్రేకు వదిలి రావాలట. అది మాకు తరవాత తెలిసింది. అతను పైన క్రేను గదిలోకి వెళ్ళిన కాసేపటికి మా పెరట్లో తాడు బిర్రున బిగిసింది. కొబ్బరి చెట్టు గోడ వైపు వంగింది. నాలుగు కాయలు దబదబ రాలాయి. అక్కడితో ఆగిపోయింది. అంత ఎత్తు నుంచి, ఆ వానలో, ఒక చెట్టు తల వంగడం చూసి ఆపాడు. ఇంకో మూర లాగి ఉంటే ఏమై ఉండేదో.

పెద్ద హారను ఒకటి ఎడతెగకుండా మోగింది. కింద నుంచి అతనికి సైగలు చేసే ఒడిశా మనిషి, వాకీటాకీ పట్టుకుని మా గేటులోకి పరిగెత్తుకొచ్చాడు. తాడు చూశాడు. "కాటో, కాటో" అని చేత్తో కోస్తున్నట్టు చూపించాడు. మా ఆయన చెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు. అప్పుడు ఆ పెట్టెలోంచి పైనున్న మనిషి గొంతు వచ్చింది.

"అప్పా, ఆ తాడు మీదేటి?"

"మాదే నాయనా."

"ఒగ్గీమని సెప్పండి. బేగి."

మా ఆయన ఆ పెట్టెకేసి చూసి అన్నాడు. "ఒగ్గితే నా ఇంటి మీదికి వస్తాది. లోపల పసిగుడ్డు ఉన్నాది."

"మావా, కట్టుంటేనే వస్తాది. నీ సేతిలో గొడుగు గాలికి అడ్డం పెడితే ఇరిగిపోతాదా లేదా? గాలేపు తిప్పుకుంటే నిలుస్తాది. ఇదీ అంతే. సెయ్యి గాలితో తిరగాల. తిరగనీకపోతే మొదలికంటా ఇరిగిపోతాది. నాను పైన కూకుని ఉన్నాను మావా, నాకు మాత్రం పేనం తీపి కాదేటి?"

మా ఆయన నా వైపు చూశాడు. వాన ఆయన ముఖం మీంచి కారుతోంది. అప్పుడు చెప్పాను.

"కడితే పడిపోతాదని నాతో మూడు నెలల కిందటే సెప్పినాడు. నానే మీకు సెప్పలేదు. పిచ్చి మాటనుకున్నాను."

ఆయన తాడు మీద పడ్డాడు. కానీ గోగునార తడిస్తే ఉబ్బుతుంది. పైగా క్రేను ఒక లాగు లాగింది. ఆయన ముడి ఆయన వేళ్ళకే లొంగలేదు. గోరు చీలి నెత్తురొచ్చింది. మా తమ్ముడు పళ్ళతో లాగబోయాడు.

నేను లోపలికి పరిగెత్తాను. పురిటి గది దాటుతుంటే మా అమ్మాయి అడిగింది. "ఏటైనాదమ్మా?"

"ఏటీ లేదే. కూర కొయ్యాల" అని కత్తిపీట తీసుకుని బయటికి వచ్చేశాను.

"ఉండండప్పా" అంది పెట్టెలో గొంతు. "కొక్కెం కిందికి దించుతాను. తాడు సడలినాక కొయ్యండి. బిగువు మీద కోస్తే మొకం మీద కొడతాది." తాడు మెల్లగా సడలింది. అంత వానలో, అంత తొందరలో, అతను ఆ మాట మరిచిపోలేదు.

కొబ్బరి చెట్టు మొదట్లో, బురదలో, కత్తిపీట వేసుకుని దాని మీద కూర్చున్నాను. వంకాయలు కోసినట్టే కాలు మడిచి కూర్చున్నాను. గోడకీ చెట్టుకీ మధ్య వేలాడుతున్న తాడుని మా ఆయన తెచ్చి కత్తికి ఆనించి పట్టుకున్నాడు. నేను రెండు చేతులా లాగాను. మా తమ్ముడు నా నెత్తి మీద గొడుగు పట్టాడు. గాలొచ్చి గొడుగు తిరగబడిపోయింది.

"సూసినావా, ఆయన సెప్పినట్టే అయినాది" అన్నాడు వాడు, ఊచలు పట్టుకుని.

"ఒరే, నోర్మూసుకుని తాడు పట్టుకో" అన్నాను.

మొదటి పేట తెగింది. రెండోది. ఇక మూడోదే మిగిలింది. నెలల తరబడి తిరుగుతుందేమోనని భయపడ్డ ఆ చేతిని, నా చేత్తో నేనే వదిలేస్తున్నాను, నా కూతురూ మనవరాలూ పడుకున్న గది మీద. కళ్ళు మూసుకుని లాగాను. తెగింది.

కొక్కెం పైకి పోయింది. చేతి వెంబడి మొదలు దాకా వెనక్కి వెళ్ళి అక్కడ ఆగింది. అప్పుడు ఆ చెయ్యి కదిలింది. మా పెరటి మీంచి, మేడ మీంచి, పురిటి గది మీంచి, తొందర లేకుండా దాటుకుంటూ వెళ్ళి, గాలి ఎటు పోతోందో అటు తిరిగి నిలబడింది. గాలి మారినప్పుడల్లా అదీ కొంచెం మారింది. పోట్లాట లేదు. అన్నాళ్ళూ నేను చూసి భయపడ్డది దాన్నే.

అతను దిగేదాకా గుమ్మంలోంచి కదల్లేదు నేను. రోజూ నాలుగు చోట్ల ఆగేవాడు, ఆ రోజు ఎక్కడా ఆగలేదు. మా ఆయన పొడి తువ్వాలు పట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. అది అందుకుని అతను అన్నాడు, తల తుడుచుకుంటూ.

"ఏటి ముడి మావా అది. మా సైటులో సేరిపో."

చీకటి పడే వేళకి గాలి బాగా ముదిరింది. పురిటి గదిలో మంచం పక్కనే చాప వేసుకుని, కిటికీ సందులోంచి చూసి మా అమ్మాయికి చెబుతూ కూర్చున్నాను. ఇప్పుడు ఏటి వైపు తిరిగింది, ఇప్పుడు కొండ వైపు. ఒక పెద్ద చప్పుడు వినిపించింది. మా ఆయన లేచి చూసొచ్చాడు. కొబ్బరి చెట్టు నడిమికి విరిగి స్నానాలగది రేకుల మీద పడింది. ఆయన వెళ్ళి పసిపిల్ల కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి వియ్యపురాలు బండి తెచ్చింది. విరిగిన చెట్టు, దాని మొదలుకి ఏడు చుట్ల తాడు, తెగిన కొస. అన్నీ చూసింది.

"ఈ తాడేటి, సెట్టుకి?"

నేను మాట మార్చబోయాను. మా ఆయన ఒప్పుకోలేదు. అరుగు మీద కూర్చుని, తన తప్పంతా ఒక్క ముక్క వదలకుండా ఆయనే చెప్పాడు. కత్తిపీట సంగతి దగ్గర ఆవిడ నా వైపు చూసింది. నవ్వలేదు. తల ఎత్తి క్రేనుని చూసింది. అప్పుడే ఆ మనిషి గాలి తరవాత అంతా సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఎక్కుతున్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అతను పై గదిలోకి వెళ్ళేదాకా చూసింది.

"ఆయనేనేటి నిన్న ఎక్కింది?"

"ఆయనే."

"ఆ వానలోనేటి?"

"వానలోనే."

ఇంకాసేపు చూసింది. "కోడలి సంచి సర్దినావేటి వొదినా?"

"సర్దినాను."

"ఇప్పెయ్. ఇరవై ఒకటికే వస్తాను." మనవరాలిని ఒళ్ళో వేసుకుని ఒక గంట కూర్చుని, వచ్చిన బండిలోనే వెళ్ళిపోయింది. నేను పొత్తిగుడ్డలు ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే, మా అమ్మాయి మంచం మీంచి ఇంకో ముద్ద నెయ్యి కావాలని అరిచింది.

బారసాలకి ఉయ్యాల తాళ్ళు మా ఆయనే పేనాడు. గోగునారని రెండు రోజులు దువ్వి పట్టులా చేశాడు. దూలానికి కట్టాక నన్ను పిలిచి ముడి చూపించాడు. పిల్ల బరువు ఎంత పడినా జారదు. వేలాడే కొసని మాత్రం ఒక్కసారి లాగితే మొత్తం విడిపోతుంది. అలాంటి ముడి ఆయన వెయ్యడం అంతకుముందు నేను చూడలేదు. "నువ్వు కూడా ఇప్పొచ్చు" అన్నాడు.

ఆ సోంపేట మనిషిని పిలవడానికి అరిసెలు పట్టుకుని నేనే వెళ్ళాను. స్లాబు పోసే రోజు, దిగలేనన్నాడు. "పాపని ఉయ్యాల్లో ఎన్నింటికి ఎస్తారప్పా?" అని మాత్రం అడిగాడు. పదకొండింటికి అని చెప్పాను.

పదకొండింటికి ఇంటి నిండా పేరంటాళ్ళు. వియ్యపురాలు పిల్లని రెండు చేతులా ఎత్తి ఉయ్యాల్లో వేసింది. సరిగ్గా అప్పుడు పైనుంచి హారను, రెండుసార్లు. అది మా పిల్ల కోసమేనని తెలుసుకునే తీరిక ఎవరికుంది? మా వీధి ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచారు. చేతిలో పసుపు కుంకుమలు చేతిలోనే ఉన్నాయి, శనగలు ఒళ్ళోంచి రాలిపోయాయి, అందరం మేడ మెట్ల మీద. నేనూ పరిగెత్తాను, ఆ రోజు వడియాలే పెట్టనిదాన్ని. మా అమ్మాయి కూడా నవ్వుతూ ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కింది. పైకి వెళ్ళి చూస్తే చుక్క మబ్బు లేదు, ఎండ దంచేస్తోంది. క్రేను గది కిటికీలోంచి ఒక తువ్వాలు ఊగుతోంది.

కింద ఉయ్యాల ఊపుతూ మిగిలింది వియ్యపురాలు ఒక్కర్తే. మెట్ల కిందికి వచ్చి అరుస్తోంది.

"ఏటొదినా, మీ ఊరోల్లకి ఏటైనాది? పిల్లని నాకొగ్గేసి అందరూ మేడెక్కిపోనారు."